చూడమన్న లైను యాడ పోయింది

మంగళవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. షెడ్డు గోడ మీది గడియారం ఇరవై రెండు చూపిస్తోంది గానీ, అది రెండు నిమిషాలు ముందు నడుస్తుందని అక్కడ పనిచేసే అందరికీ తెలుసు. ఆ నిమిషంలో మా రెండో ప్రెస్సు ఒక మనిషి కుడిచేతి మీదికి దిగింది.

ప్రెస్సు రేకు మీద పడితే ఒక చప్పుడు. రేకు లేకుండా ఉత్త అచ్చు మీద పడితే ఇంకో చప్పుడు. యాభై ఏళ్ళుగా ఆ చప్పుళ్ళలోనే బతికాను, చూడకుండానే చెప్పగలను. ఆ రోజు వచ్చింది ఈ రెండూ కాదు. తడిసిన గోనెసంచిని బండకేసి కొట్టినట్టు వచ్చింది. అరుపు దాని తర్వాత వచ్చింది.

నేను పరుగెత్తేసరికి పక్క ప్రెస్సు నడిపే రాయకోట మనిషి మెయిన్ లాగేశాడు. కరెంటు పోతే ప్రెస్సు ఉన్నచోటే ఉంటుంది, తనంతట పైకి పోదు. చేత్తో తిప్పే వాల్వు నేనే తిప్పి పైకి లేపాను. నాలుగు వేళ్ళు రేకుకు అంటుకుని ఉన్నాయి. రేకుకు ఏ వంపు రావాలో ఆ వంపే వేళ్ళకూ వచ్చింది. బొటనవేలు బయట ఉండి బతికిపోయింది.

చెయ్యి పోగొట్టుకున్నది కెలమంగలం మనిషి. నలభై దాటినవాడు. పట్టుపురుగులు పెంచే ఇంటినుంచి వచ్చి రెండేళ్ళుగా మా దగ్గర పనిచేస్తున్నాడు. నేల మీద కూలబడి, ఎడమచేత్తో కుడి మణికట్టును బిగించి పట్టుకుని, అది ఎవరిదో చెయ్యి అయినట్టు చూస్తున్నాడు. నేను ఆ చేతిని చూడలేదు. కుడివైపు బటన్ చూశాను. దాని కంబానికి పసుపు గుడ్డ కట్టి ఉంది.

ఆ ప్రెస్సుకు రెండు బటన్లు, చెరో పక్కన ఒక ఇనుప కంబం మీద. రెండు చేతులతో రెండూ నొక్కి పట్టుకుంటేనే దిగుతుంది. మధ్యలో ఏ చెయ్యి ఎత్తినా ఆగిపోవాలి. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే ప్రెస్సు కింద ఉండవు కదా, అందుకని ఆ ఏర్పాటు. తొందరగా పని తెమలాలని కొందరు ఒక బటన్‌ను గుడ్డతో బిగించి కట్టేసి, ఖాళీ అయిన చేత్తో రేకు సర్దుతూ ఉంటారు. అట్లా కట్టినవాడు కనిపిస్తే ప్రెస్సు దాకా ఎందుకు, చెయ్యి నేనే విరుస్తానని షెడ్డులో పదిమార్లు చెప్పి ఉన్నాను.

కొట్టాను. మొదటి దెబ్బ చెంప మీద. రెండోది కాలితో, పక్కటెముకల మీద. రక్తం కారుతూ నేల మీద ఉన్న మనిషిని కొట్టాను.

"గుడ్డ కడ్తావేరా? ఎన్ని తూర్లు చెప్పినాను రా నీకి!"

"కట్టలేదప్పా. రేకు పక్కకి జరిగింది, చెయ్యి ఎత్తినాను. ఎత్తితే ఆగల్ల కదప్పా. ఆగలేదు."

"చెయ్యి పోయినా నోరు పోలేదు నీకి!"

మూడో దెబ్బకు చెయ్యి ఎత్తాను. జూజువాడి నుంచి సరుకు ఎత్తుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరు నన్ను వెనకనుంచి నడుముకు పట్టుకుని, మూట ఎత్తినట్టు ఎత్తి పక్కన పడేశాడు. "ముసిలోడివి అయిపోయినావు. లేకుంటే నిన్నే ఆ మిషన్ కిందికి తోసుందును" అన్నాడు. రేకుల అంచులు ఆకురాయితో రాకే బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఉంటారు. ఒకామె కొంగు చించి కెలమంగలం మనిషి చేతికి చుట్టింది. ఇంకొకామె నా కాళ్ళ ముందు ఉమ్మింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. పదహారో ఏట ప్రెస్సు పనిలో పడ్డాను. అచ్చులు బిగించడం, ఎత్తు సరిచూడడం, పాడైతే విప్పడం, అంతా చేత్తో నేర్చుకున్నాను. అక్షరం ముక్క రాదు. నలభై మూడో ఏట నా కూతురు ఒకటో తరగతిలో చేరింది. బడిలో ఆ రోజు చెప్పింది సాయంత్రం నాకు నేర్పేది. నేను తప్పు రాస్తే పలకతో నెత్తిన కొట్టేది. అట్లా తెలుగు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు పనిలో వచ్చే డ్రాయింగుల మీద చూసి పట్టుకున్నాను. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళలాగా లైను మొత్తం ఒక్క చూపులో మింగడం నాకు చేతకాదు. ఏ అక్షరాన్నీ దాటిపోలేను.

ఆ కూతురే ఇప్పుడు మిషన్లను నడిపే ప్యానెళ్ళు చేసే చోట ప్రోగ్రాములు రాస్తుంది. మా ప్రెస్సుకు పాత ప్యానెల్ పాడైతే ఓనరు కొత్తది వాళ్ళ దగ్గరే చేయించాడు. ఓనరు షెడ్డు ఉన్న ఊరి రైతే, చెనిక్కాయ వేసే నేలలో షెడ్డు వేసినవాడు. ప్యానెల్ మీద చిన్న తెర ఉంటుంది, అందులో ఇంగ్లీషు మాటలు వచ్చేవి. నేను తెలుగు కావాలన్నాను.

"నీ ఒక్కనికోసమా మేస్త్రీ?" అని ఓనరు నవ్వాడు.

"బిగించేది నేను. చదవల్ల అంటే నేనే చదవల్ల. నాకి తెలిసిన బాషలో రాయమను" అన్నాను.

ఆ మంగళవారానికి ముందు శనివారం తెలుగు వచ్చింది. నా కూతురు చిప్పు తెచ్చి మార్చి పోయింది. తెర మీద 'సిద్ధం' అని వెలిగింది. అందరూ చుట్టూ మూగారు. నేను వేలు పెట్టి గట్టిగా చదివాను. రాయకోట మనిషి చప్పట్లు కొట్టాడు. రెండు నెలల కింద ప్యానెల్ కొత్తగా వచ్చినప్పుడు చెయ్యి ఎత్తి చూశాం, ఎత్తగానే ఆగింది. ఆ శనివారం మళ్ళీ ఎత్తి చూడలేదు. మారింది అక్షరాలే కదా అనుకున్నాం.

కెలమంగలం మనిషిని కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నాలుగు వేళ్ళూ తీసేశారు. తీయడానికి మిగిలింది కూడా పెద్దగా లేదు.

బుధవారం ఓనరు నన్ను పిలిచి ఒక కాగితం ముందుపెట్టాడు. ఫ్యాక్టరీలు తనిఖీ చేసే అధికారి సోమవారం వస్తున్నాడు, ఆయనకు ఇవ్వడానికి. 'కుడి బటన్‌కు గుడ్డ కట్టి ప్రెస్సు నడిపినందున ప్రమాదం జరిగినది' అని ఉంది. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. ఆ కాగితం నిలబడితే కెలమంగలం మనిషి పని పోతుంది. పోయిన చేతికి రావలసిన పరిహారం రాదు. ఇంకే షెడ్డులోనూ మిషన్ దగ్గరికి రానివ్వరు. ఇవన్నీ తెలిసే, వేలు పెట్టి మొత్తం చదివే, సంతకం పెట్టాను. ఓనరు చెడ్డవాడని చెప్పను. నేను చెప్పింది నమ్మాడు. చూసినవాణ్ణి నేను.

శుక్రవారం పొద్దున నేను వాకిట్లో పళ్ళు తోముకుంటుంటే ఇద్దరు వచ్చారు. ఒకామె కెలమంగలం మనిషి పెండ్లాం. ఇంకొకడు ఆమె తమ్ముడు, చేతిలో మల్బరీ కట్టె. వాడు నా భుజం మీద ఒకటి వేశాడు. నోట్లో నురగతోనే వాడి మీద పడ్డాను. అరవై ఆరేళ్ళ ఒళ్ళు గానీ ప్రెస్సు పని చేసిన చేతులు నావి. వాణ్ణి గోడకు తోసి గొంతు పట్టుకున్నాను. వాడు నా చెవిమీద కొట్టాడు. ఇప్పటికీ ఆ చెవిలో సన్నగా ఈల మోగుతూ ఉంటుంది. నా కూతురు లోపలనుంచి బకెట్ నీళ్ళు తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించింది.

"ఇద్దరూ సుమ్నే ఉండండి! ఆమె ఏమో చెప్పల్ల అని వచ్చింది. యిని సావండి!"

ఆమె గుప్పిట తెరిచింది. పసుపు గుడ్డ. రక్తం ఎండి సగం నల్లబడింది. రాయకోట మనిషి ఆ రోజే విప్పి ఆమెకు పంపాడట.

"ఇదా పెద్దప్పా నువ్వు చూసింది? ఇది ముడుపు. ఈ వారమే ఆయన్ని కొత్త ప్యానెల్ మిషన్ మీద పెట్టినారు, మంచి జరగల్ల అని నేనే చేసి ఇచ్చినాను. మంగళవారం కట్టమన్నాను. కంబానికి కట్టినాడు. బటన్‌కి కట్టింటే ఇది సరిపోతుందా? నువ్వే కట్టి చూపించు!"

తీసుకుని విప్పాను. జానెడు కూడా లేదు. లోపల ఒక పసుపుకొమ్ము. ఆ బటన్ అరచేతి అంత ఉంటుంది. దాన్ని నొక్కి కట్టాలంటే మూరకు పైన గుడ్డ కావాలి. ఆ బటన్ నేను బిగించిందే. మంగళవారం ఒక్క క్షణం సరిగా చూసి ఉంటే అప్పుడే తెలిసేది.

"ప్రెస్సు ఆయన చెయ్యి తీసింది. నువ్వు ఆయనకి దొంగ అనే పేరు కూడా ఇచ్చినావు. పడి ఉన్నోణ్ణి కొట్టినావంట. థూ! నీ చేతులు రెండూ బాగుండాయి చూడు."

నా కూతురు ఆమెను ఒక్కటే అడిగింది. "అక్కా, చెయ్యి ఎత్తినా ఆగలేదు అన్నాడా?"

"అదే చెప్తా ఉండాడు. మత్తులో కూడా అదే చెప్తాడు. ఎత్తినాను, ఆగలేదు, ఎత్తినాను, ఆగలేదు."

వాళ్ళు పోయాక నా కూతురు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. శుక్రవారం పోయింది, శనివారం పోయింది. ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పింది.

"నాయనా, నాలుగు తూర్లు చదివినాను. నేను రాసింది సరిగ్గానే ఉంది. కిందికి చేరేదాకా తిరుగుతా ఉండు, తిరిగిన ప్రతిసారీ చెయ్యి ఎత్తినారా అని చూడు, ఎత్తింటే ఆపు. అంతే రాసినాను. దాంట్లో తప్పు లేదు."

"నువ్వు రాసింది మిషన్ చదువుతుందా?"

"లేదు. నేను రాసేది మనుషులు చదివే బాష. కంపైలర్ అని ఒకటుంటుంది. అది దాన్ని మిషన్ మాటల్లోకి మారుస్తుంది."

"అయితే అది మార్చిందే చూపించు. నువ్వు చెప్పింది నాకెందుకు? దానికి వినపడింది ఏమో అది కావల్ల."

"అది నీకి అర్థం కాదు నాయనా."

"పలకతో కొట్టి నేర్పించినావు కదా. ఇది కూడా కొట్టి నేర్పించు."

ఆమె నవ్వలేదు. ముందు అన్నిటికంటే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసింది. ఏ పనీ చెయ్యదు అది. మొదలవుతుంది, సున్నా అని జవాబిచ్చి ముగుస్తుంది. దాన్ని కంపైలర్‌కు ఇచ్చి, వచ్చింది కాగితం మీద ప్రింటు తీసి నా ముందు పెట్టింది. ఏమీ చెయ్యని దానికి ఏడు లైన్లు. వేలు పెట్టి చదివాను. పుష్. యాడ్. మూవ్. మళ్ళీ మూవ్. మళ్ళీ మూవ్. పాప్. చివర బి, ఎక్స్.

ఒక్కొక్కటి చెప్పింది. చిప్పు లోపల కొన్ని జేబులు ఉంటాయి, వాటికి నంబర్లు. పుష్ అంటే, ముందున్నవాడు ఏడో జేబులో పెట్టుకున్నది తీసి ఒక పక్కన భద్రంగా పెట్టడం. మూవ్ అంటే ఒక జేబులోకి ఒక విలువ వెయ్యడం. పాప్ అంటే పక్కన పెట్టింది తీసి, ఎవరిది వాళ్ళకు మళ్ళీ ఇవ్వడం. బి, ఎక్స్ అంటే పిలిచినవాడి దగ్గరికి తిరిగి పోవడం. నాకు ఇది కొత్తగా అనిపించలేదు. ప్రెస్సుకు నా అచ్చు బిగించాలంటే ముందున్న అచ్చు విప్పి పక్కన పెడతాను, నా పని చేసుకుంటాను, మళ్ళీ దాన్ని ఎక్కించి పోతాను.

"ఇదేందమ్మా, సున్నాని మూడో జేబులో వేసింది. వెంటనే సున్నా జేబులోకి మార్చింది. నేరుగా ఆడే వెయ్యకూడదా?"

"అది మొద్దుది నాయనా. చెప్పింది చెప్పినట్లు చేస్తుంది, ఆలోచన చెయ్యదు. కుదించమని చెప్తే తెలివి వస్తుంది. చూడు."

ఏదో ఒక గుర్తు మార్చి మళ్ళీ ప్రింటు తీసింది. ఏడు లైన్లు రెండయ్యాయి. సున్నాను సున్నా జేబులో వెయ్యి, తిరిగి పో. అంతే. పక్కన పెట్టడం లేదు, తిరిగి ఇవ్వడం లేదు. ఎవరి జేబూ ముట్టనప్పుడు ఎందుకవి? నాకు అది బాగా నచ్చింది. అట్లాంటి పనివాడు దొరికితే నెత్తిన పెట్టుకుంటాను అన్నాను.

"మా ప్రెస్సులో యాది ఉంది? మొద్దుదా, తెలివైందా?"

ఆమె చెయ్యి కీబోర్డు మీద ఆగింది. "మొదట మొద్దుదే పెట్టినాను. పోయిన వారం శనివారం తెలుగు అక్షరాలు పెట్టేటప్పుడు చిప్పులో చోటు చాలలేదు. తెలుగు బొమ్మలకి చానా చోటు పడుతుంది నాయనా, గుణింతాలు, ఒత్తులు. అందుకని కుదించినాను."

తర్వాత ఎవరూ చెప్పకుండానే ఆమె ప్రెస్సు ప్రోగ్రాంలో చెయ్యి చూసే భాగం ఒక్కటి తీసి, మిగతాదంతా కోసేసి, ఐదు లైన్ల ముక్క చేసింది. మొద్దుదానికి ఒకసారి, తెలివైనదానికి ఒకసారి ఇచ్చింది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఆమె తెర చూస్తోంది, నేను కాగితాలు చదువుతున్నాను.

మొద్దుదాంట్లో పైన ఒక గుర్తు ఉంది, తిరిగి రావలసిన చోటు అది. దాని కింద లోడ్ లైను. చెయ్యి ఎత్తారా లేదా అని రాసిపెట్టిన డబ్బాను తెరిచి చూడడం. తర్వాత పోల్చడం. ఎత్తి ఉంటే ఆపే చోటికి పో. లేకుంటే కిందికి చేరిందా అని ఇంకో లోడ్. చేరకుంటే మళ్ళీ పైన గుర్తు దగ్గరికి. నాలుగుసార్లు వేలు తిప్పాను. తిరిగిన ప్రతిసారీ వేలు ఆ డబ్బా మీదుగా పోయింది.

తెలివైనదాంట్లో వేలు పెట్టాను. డబ్బా చూసే లోడ్ లైను ముందే వచ్చింది. పోల్చడం వచ్చింది. వాటి తర్వాత గుర్తు వచ్చింది. గుర్తు కింద ఒక్కటే లోడ్, కిందికి చేరిందా అని. చేరకుంటే గుర్తు దగ్గరికి. వేలు తిప్పాను. మళ్ళీ తిప్పాను. అది ఆ మూడు లైన్ల మధ్యే తిరుగుతోంది. డబ్బా వైపు పోవడమే లేదు.

"పాపా, చెయ్యి చూడమన్న లైను యాడ పోయింది?"

"ఆడే ఉంటుంది చూడు."

"పైన ఉంది. తిరిగే చోట లేదు. ఒగ తూరి చూసి దిగబడింది. మళ్ళా చూడలేదు."

నా చేతిలోనుంచి కాగితం లాక్కుంది. నేను అంత సేపు చదివినదాన్ని ఆమె ఒక్క చూపులో చదివింది. ల్యాప్‌టాప్ మూత గట్టిగా వేసింది. రెండు అరచేతులతో నుదురు మీద కొట్టుకుంది, ఒకసారి కాదు, చప్పుడు వచ్చేటట్టు. నేను ఆపలేదు.

"ఎందుకు చూడలేదు చెప్పు" అన్నాను.

"ఆ డబ్బాలో రాసేది బటన్ తీగ నాయనా, బయటనుంచి. కంపైలర్‌కి అది తెలియదు. అది చూసేది నేను రాసిన లైన్లే. ఈ లైన్లలో ఎవరూ ఆ డబ్బాని మార్చలేదు కద, ఒగ తూరి చూస్తే చాలదా, మళ్ళా మళ్ళా ఎందుకు అనుకుంది. డబ్బా పేరు ముందర వొలటైల్ అని ఒక మాట రాయల్ల. రాసింటే ప్రతిసారీ తెరిచి చూసుండేది. కిందికి చేరిందా అనేదానికి రాసినాను, ఈ డబ్బాకి నేను రాయలేదు. మొద్దుదానికి ఆ మాట లేకపోయినా జరిగిపోయింది. తెలివైనదానికి జరగలేదు."

"ఆ మాటకి అర్థం ఏమి?"

"కాలేజీలో ఏమో చెప్పినారు. నమ్మొద్దు అని అనుకో. చూసింది నమ్మొద్దు, మళ్ళా చూడు."

చెయ్యి ఎత్తాను. ఆమెను పుట్టినప్పటినుంచి కొట్టలేదు. ఆమె ముఖం పక్కకు తిప్పుకోలేదు. "కొట్టు. గుడ్డ కట్టినాడని వాణ్ణి కొట్టినావు కదా. ఒక మాట మరిచినదానికి నన్ను కొట్టు. తెలుగు కావల్ల అన్నదానికి నిన్ను ఎవరు కొడ్తారో చూసుకో" అంది.

ఎత్తిన చెయ్యి దించి ఎదురుగా ఉన్న స్టీలు చెంబును గోడకేసి కొట్టాను. సొట్టపోయింది.

ఆమె అప్పుడే వాళ్ళ ఆఫీసుకు చెప్పింది. అదే ప్యానెల్ పెట్టిన ఇంకో నాలుగు షెడ్లకు ఫోన్ చేసి మిషన్లు ఆపించింది. వాటిలో తెలుగు లేదు, కుదించనూ లేదు. అయినా ఆపించింది.

సోమవారం అధికారి వచ్చాడు. నా కూతురు ఆ మాట రాసిన చిప్పుతో వచ్చింది. కెలమంగలం మనిషి కూడా కట్టుతో వచ్చాడు, పెండ్లాం పక్కన. నేను పొద్దున సంతలో ఐదు క్యారెట్లు కొన్నాను. ఎవరికీ ఏమీ చెప్పకుండా నాలుగింటిని వరసగా రెండో ప్రెస్సు కింద పెట్టాను. తెర మీద 'సిద్ధం' వెలిగింది. రెండు బటన్లూ నొక్కాను. ప్రెస్సు కదలగానే కుడిచెయ్యి ఎత్తి నెత్తి మీద పెట్టుకున్నాను, అందరికీ కనిపించేటట్టు. ప్రెస్సు ఆగలేదు. క్యారెట్లు చితికి రసం నా చొక్కా మీద పడింది. బల్ల దగ్గరి ఆడవాళ్ళు అరిచారు. కెలమంగలం మనిషి నేల మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు.

నా కూతురు చిప్పు మార్చింది. ఇంకో క్యారెట్ పెట్టి, మళ్ళీ నొక్కి, మళ్ళీ చెయ్యి ఎత్తాను. బెత్తెడు పైనే ఆగింది.

"తేడా ఒక్క మాట" అంది నా కూతురు. "నేను రాయల్సింది. రాయలేదు. ఈయప్ప తప్పు ఏమీ లేదు."

ఆమె మాట ముగియకముందే కెలమంగలం మనిషి పెండ్లాం ఆమె జుట్టు పట్టుకుంది. కిందికి వంచి వీపు మీద పిడికిళ్ళతో గుద్దింది, తనకు ఊపిరి అందనంతదాకా గుద్దింది. నా కూతురు చేతులు అడ్డం పెట్టలేదు. నేను అడ్డం పోలేదు. రాయకోట మనిషి కదలబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆమె తనంతట తానే విడిచిపెట్టి, చేతిలోకి వచ్చిన వెంట్రుకలు విదిలించుకుంటూ ఏడ్చింది.

నేను కెలమంగలం మనిషి ముందు నిలబడ్డాను. "నేను నిన్ను కొట్టినాను. అందరి ముందర కొట్టినాను. ఇప్పుడు నువ్వు కొట్టు."

ఆయన ఎడమచేత్తో మూతి తుడుచుకున్నాడు. "ఎడమ చేత్తో కొట్టేది ఇంకా అలవాటు కాలేదప్పా. ముద్ద తినేదే ఇప్పుడు నేర్చుకుంటా ఉండా. ఇది కూడా వచ్చినప్పుడు వస్తాను, ఇంట్లో ఉండు" అన్నాడు.

లారీ డ్రైవరు ఉండి ఉంటే నవ్వేవాడు. మాలో ఎవరూ నవ్వలేదు.

అధికారి బుధవారం నాటి కాగితం తీశాడు. కృష్ణగిరి వైపు ఆఫీసుల్లో నడిచేది తమిళమే; ఈయనా తమిళం మాట్లాడే మనిషి, తెలుగు కొంచెం వచ్చు. "ఈ సంతకం మీదే కదా?"

"నాదే. కాగితంలో ఉండేది అబద్ధం. ఇంకోటి రాస్తాను."

ఓనరు నన్ను పక్కకు లాగాడు. "మేస్త్రీ, రాస్తే నీ కూతురు పేరు వస్తుంది. ఆమె పని పోతుంది. బాగా ఆలోచన చెయ్యి."

"ఆమె నోటితోనే చెప్పింది కదప్పా. నేను రాయకపోతే చెప్పింది లేకుండా పోతుందా?"

"తెలుగులో రాస్తే ఆఫీసులో ఎవరు చదవల్ల?" అన్నాడు అధికారి.

"చదివేటోళ్ళని వెతుక్కో సార్. నాకి వచ్చింది ఇదే" అన్నాను.

రేకులు కోసే బల్ల మీద కాగితం పెట్టుకుని గంటసేపు రాశాను. పసుపు గుడ్డ జానెడు లేదని, అది ముడుపు అని, కంబానికి కట్టి ఉందని రాశాను. చెయ్యి ఎత్తినా ప్రెస్సు ఆగలేదని, ఎందుకు ఆగలేదో రాశాను. తెలుగు కావాలన్నది నేనని, శనివారం చెయ్యి ఎత్తి చూడకుండా ప్రెస్సు నడపనిచ్చింది నేనని రాశాను. కొట్టిన సంగతి అక్కరలేదన్నాడు అధికారి. అది కూడా రాశాను. చివర, జరిగిన రోజు అక్కడ ఎవరెవరు ఉన్నారో అందరినీ రాయాలన్నాడు. రాశాను.

ఆ మంగళవారం పది గంటల ఇరవై నిమిషాలకు షెడ్డులో ఉన్నవాళ్ళు: రెండో ప్రెస్సు నడుపుతున్న కెలమంగలం మనిషి. మొదటి ప్రెస్సు నడుపుతూ మెయిన్ లాగిన రాయకోట మనిషి. అంచులు రాకే బల్ల దగ్గర, కొంగు చించిన ఆమె, ఉమ్మిన ఆమె. జూజువాడి లారీ డ్రైవరు. లోపలి గదిలో ఫోన్ మాట్లాడుతున్న ఓనరు. కొట్టినవాణ్ణి, మేస్త్రిని, నేను.